స్కాట్లాండ్ ఎప్పటికీ తేల్చుకోకూడదు

స్కాట్లాండ్‌కు స్వాతంత్ర్యం రాకూడదు. అలాగని స్కాట్లాండ్ బ్రిటన్‌లోనే ఉండిపోతానని ఒప్పుకోనూ కూడదు. ఈ రెండింటి మధ్య ఇప్పుడున్న చోటే, ఇలాగే, మన మనవల కాలం దాకా ఉండాలి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

నవ్వకండి! ఇరవై మూడేళ్లుగా కిల్‌ఫెర్గీలో ఉంటూ ఇక్కడి వారపత్రికకు వార్తలు రాస్తున్నాను. ఊరి జనాభా నాలుగు వేలు. ఒకవైపు సముద్రం, మిగతా వైపులా బంగాళాదుంప చేలు. తేలని సమస్య ఒక ఊరికి ఎంత మేలు చేస్తుందో దగ్గరుండి చూశాను.

2014 సెప్టెంబరులో ఇక్కడ ఓటింగ్ పెట్టారు. విడిపోదామా అని అడిగితే నూటికి నలభై ఐదుగురు అవునన్నారు, యాభై ఐదుగురు కాదన్నారు. ఇక తేలిపోయిందనుకున్నారు. అక్కడే పొరపాటు! ఓడినవాళ్లు ఇంటికి వెళ్లలేదు. గెలిచినవాళ్లు కుదుటపడలేదు. సర్వేలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి. ఒక నెల అవును ఒక అడుగు ముందుంటుంది, ఇంకో నెల కాదు ఒక అడుగు ముందుంటుంది.

మళ్లీ ఓటింగ్ పెట్టాలంటే లండన్ ఒప్పుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. లండన్ ఇప్పుడు కాదంటోంది. మరెప్పుడని అడిగితే, అది కూడా ఇప్పుడు అడగొద్దంటోంది. ఇక్కడి రాజధాని ఎడిన్‌బరా త్వరలోనే అంటోంది. ఆ త్వరలో మొదలై చాలా ఏళ్లయింది.

ఇంతకన్నా నిలకడైన రాజకీయం ఏ దేశంలో ఉంది చెప్పండి?

తెలుగు పాఠకులకు ఇది విడ్డూరంగా అనిపించొచ్చు. అదే ఏడాది, ఇక్కడికన్నా మూడు నెలల ముందే మీ విభజన మీరు తేల్చేసుకున్నారు. తొందరపడ్డారు. ఇప్పుడు మీ వీధిలో నీళ్లు రాకపోతే అవతలి ప్రాంతాన్ని తిట్టే వీలుందా? మీ సొంత నాయకుడినే తిట్టాలి. అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక్కడ ఆ కష్టం లేదు. పూర్వం కిల్‌ఫెర్గీలో ఇద్దరు కలిస్తే వాన గురించి మాట్లాడుకునేవారు. వాన రోజూ పడేది కాబట్టి కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు చూడండి! ముప్పై ఏళ్ల కాపురంలో మాటలు అయిపోయిన దంపతులు పొద్దున ఓట్స్ జావ దగ్గరే మొదలుపెడుతున్నారు, పౌండు ఉంటుందా పోతుందా అని. హార్బర్ స్ట్రీట్‌లో ఒకాయన ఇంటి ముందు గోడకు ఒక సగం స్కాట్లాండ్ నీలం జెండా కట్టాడు. మిగతా సగానికి ఆయన భార్య బ్రిటన్ జెండా యూనియన్ జాక్ కట్టింది. మధ్యలో ఉన్న కిటికీ ఎవరిదన్నది చర్చల్లో ఉంది. ఇంత గొడవ పడుతూ కలిసి ఉండటం దేనికండీ అని ఆవిడను అడిగాను. "విడిపోవడానికి నేను మొదట్నుంచీ వ్యతిరేకిని కదండీ" అంది.

రోడ్డు మీద గుంత సంగతి తీసుకోండి. వేరే దేశంలో గుంత ఉంటే పూడ్చాలి. ఇక్కడ పూడ్చక్కర్లేదు, కారణం చెబితే చాలు. కౌన్సిల్‌ను అడిగితే ఎడిన్‌బరా వల్ల అంటుంది. ఎడిన్‌బరాను అడిగితే లండన్ వల్ల అంటుంది. లండన్‌ను అడిగితే మీ కౌన్సిల్‌ను అడగండి అంటుంది. ముగ్గురూ మర్యాదస్తులు, ముగ్గురూ జవాబు రాస్తారు. మా వీధి చివరి గుంత మీద నా దగ్గర పదకొండు ఉత్తరాలున్నాయి. ఇంత గౌరవం దక్కిన గుంత ఇంకెక్కడైనా ఉందా?

అన్నిటికన్నా పెద్ద మేలు అంకె.

ఇక్కడి కార్యకర్తలు ఇంటికొచ్చి నీ ఓటు ఎటు అని అడగరు. అది మొరటు. "ఒకటి నుంచి పది దాకా మీరెక్కడున్నారు?" అని అడుగుతారు. ఒకటి అంటే చచ్చినా విడిపోను. పది అంటే రేపే విడిపోవాలి. చెప్పిన అంకెను కాగితం మీద రాసుకుని వెళ్తారు. ఒకటి అన్నవాళ్ల గుమ్మం, పది అన్నవాళ్ల గుమ్మం మళ్లీ ఎవరూ తొక్కరు. తేలిపోయినవాళ్ల మీద సమయం ఎందుకు? ఐదు అన్నవాళ్ల దగ్గరికి మాత్రం రెండు పక్షాలూ వస్తాయి. వస్తూనే ఉంటాయి.

ఐదు విలువ కిల్‌ఫెర్గీలో అందరికన్నా ముందు తెలుసుకున్న మనిషి నెట్టా గెడెస్.

ఆవిడకు ఎనభై మూడేళ్లు. భర్త పోయి పదహారేళ్లయింది. ఊరి ప్రాథమిక పాఠశాల వంటగదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. ఊళ్లో ముప్పై నుంచి డెబ్బై లోపు వాళ్లందరికీ ఆవిడ చేతి కస్టర్డ్ తెలుసు, అందులో ఉండలూ తెలుసు. ఆవిడ అక్క పేరు ఐనా. తొమ్మిది మైళ్ల అవతల ఫోర్డల్‌లో వృద్ధాశ్రమంలో ఉంటుంది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం నెట్టా బస్సెక్కి వెళ్లేది. అక్క తల దువ్వేది. జుట్టుకు రోలర్లు చుట్టేది. ఆశ్రమం సూప్‌లో ఉప్పుండదు కాబట్టి ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చిన సూప్ తాగించేది. నాలుగున్నర బస్సుకు తిరిగొచ్చేది.

ఐనాకు చూపు లేదు. ఇవాళ ఏ వారమో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెట్టా వచ్చిందంటే మంగళవారం.

మూడేళ్ల కిందట ఆ బస్సు తీసేశారు.

ఊరి హాల్లో సభ పెట్టారు. నలభై ఒక్క మంది వచ్చారు. ఎజెండాలో ఉన్నది ఒకటే అంశం, ఫోర్డల్ బస్సు. నేను నోట్సు రాసుకున్నాను. మొదటి ఆరు నిమిషాలు బస్సు గురించి మాట్లాడారు.

ఏడో నిమిషంలో డూగీ స్ట్రాకన్ లేచాడు. అసలు పేరు డగ్లస్. రిటైరైన వడ్రంగి, ఊళ్లో అవును పక్షానికి కార్యదర్శి. "మన దేశం మన చేతిలో ఉంటే ఆ బస్సు ఆగేదా?" అన్నాడు.

మార్జరీ ప్రింగిల్ లేచింది. ఆవిడ అదే పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది, ఇప్పుడు కాదు పక్షానికి పెద్ద. "బస్సుల వ్యవహారం ఎప్పట్నుంచో ఎడిన్‌బరాదే డగ్లస్. కూర్చో" అంది.

డూగీకి అరవై ఆరేళ్లు. ఆవిడ అతనికి ఎప్పుడూ చదువు చెప్పలేదు, అతని పిల్లలకు చెప్పింది. అయినా కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

సభ రెండు గంటలు సాగింది. ఉత్తర సముద్రం చమురు వచ్చింది. పింఛన్లు వచ్చాయి. అణు జలాంతర్గాములు వచ్చాయి. బస్సు రాలేదు. చివరికి అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. అవును ఇరవై, కాదు ఇరవై. బస్సు మీద కాదు, స్వాతంత్ర్యం మీద. బస్సు మీద ఓటింగ్ పెట్టలేదన్న సంగతి మర్నాడు గుర్తొచ్చింది.

చెయ్యెత్తని ఒక్కరూ నెట్టా. ఓటింగ్‌కు ముందు ఆవిడ లేచి, "అదంతా సరే, మంగళవారం నేనెలా వెళ్లాలి?" అని అడిగింది. అది చిన్న విషయమని, తర్వాత చూద్దామని అధ్యక్షుడు చెప్పాడు.

ఆ శనివారం డూగీ ఆవిడ తలుపు తట్టాడు. ఏం జరిగిందో ఆవిడే నాకు చెప్పింది, డూగీ కూడా కాదనలేదు.

"చెయ్యెత్తలేదేం పెద్దమ్మా? నీ అంకె ఎంతో చెప్పు. ఒకటి నుంచి పది."

"నువ్వెంతరా?"

"నేను పదే. పుట్టినప్పట్నుంచీ పది."

"పుట్టినప్పటి సంగతి తెలీదు గానీ, నాలుగో క్లాసులో క్యాబేజీ తినమంటే బల్ల కింద పారేసి, పక్కవాడు పారేశాడని చెప్పేవాడివి. ఆ రోజే అనుకున్నా, వీడు రాజకీయాల్లోకి వెళ్తాడని. నేను ఐదు."

"ఐదేంటి పెద్దమ్మా? అటో ఇటో చెప్పాలి."

"ఆలోచించి చెప్పాలి కదా. నాకు తీరికేది? మంగళవారం ఫోర్డల్ ఎలా వెళ్లాలా అన్న ఆలోచనతోనే సరిపోతోంది."

డూగీ వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. "నా వ్యానులో నేను తీసుకెళ్తా. దారిలో మాట్లాడుకుందాం" అన్నాడు.

మరుసటి గురువారం మార్జరీ వచ్చింది, సొంతంగా చేసిన షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల డబ్బాతో.

"మిసెస్ గెడెస్, మీరు డగ్లస్ వ్యాను ఎక్కారని విన్నాను."

"ఎక్కాను మేడమ్. లోపలంతా రంపపు పొట్టు. కోటు దులుపుకోవడానికి గంట పట్టింది."

"నా కారు శుభ్రంగా ఉంటుంది."

"మంగళవారాలు ఖాళీగా కూడా ఉంటుందా మేడమ్?"

అలా ఏర్పాటు కుదిరింది. మొదటి, మూడో మంగళవారాలు డూగీ. రెండు, నాలుగు మార్జరీ. డూగీతో వెళ్లొచ్చిన సాయంత్రం నెట్టా అంకె ఐదున్నర అయ్యేది. మార్జరీతో వెళ్లొచ్చాక నాలుగున్నరకు దిగేది. మూడేళ్లలో ఒక్కసారీ ఆరు దాటలేదు, నాలుగుకు తగ్గలేదు. వడ్డీ రేటును ఇంత అదుపులో పెట్టిన బ్యాంకు గవర్నరు ఒక్కరున్నారా?

ఈ సంగతి ఊళ్లో పాకింది. ఇంటి చూరు గట్టర్ కారుతున్న ఒకాయన ఐదయ్యాడు. కంచె పడిపోయిన ఇంకొకాయన ఐదయ్యాడు. కుక్కను తిప్పలేని ఒకావిడ ఐదు అని చెప్పి, ఒకరోజు అవును వాళ్ల చేత, ఒకరోజు కాదు వాళ్ల చేత తిప్పించింది. కుక్కకు రెండు పక్షాల మీదా సమానంగా మొరగడం అలవాటైంది. పదమూడు మంది ఐదులు రెండు వందల ఆరుగురయ్యారు. ఎడిన్‌బరా నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి, ఇది అస్తిత్వ సంక్షోభమని తేల్చాడు. ఆయన చేత కూడా ఒకావిడ బల్బు మార్పించుకుంది.

ఐదు మంగళవారాలు వచ్చే నెలల్లో మాత్రం చిక్కు వచ్చేది. చివరి మంగళవారాన్ని ఏ పక్షమూ వదులుకోలేదు. ఇద్దరూ కలిసి మార్జరీ కారులో బయల్దేరేవారు. ఒకసారి నేనూ వెనక సీట్లో నెట్టా పక్కన కూర్చున్నాను.

"పౌండు ఉంచుకుంటారా, పారేస్తారా? ముందు అది చెప్పు" అంది మార్జరీ, స్టీరింగ్ తిప్పుతూ.

"ఉంచుకుంటాం. కొన్నాళ్లు."

"ఎన్నాళ్లు?"

"ముందు చూడండి మేడమ్, రోడ్డు పనులు. ఎర్ర లైటు."

"ఎర్ర లైటు నాకు కనిపిస్తోంది డగ్లస్. నీకే 2014 నుంచి కనిపించట్లేదు."

"మీరు బ్రేకు మీద కాలేసి కూర్చుంటే బండి ఎప్పటికి కదలాలి?"

నెట్టా ఒళ్లో ఫ్లాస్కు సర్దుకుని, "మీరు పోట్లాడుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు. కొంచెం నెమ్మదిగా. సూప్ ఒలుకుతోంది" అంది.

తిరిగొచ్చాక, నిజంగా మీ అంకె ఎంతని ఆవిడను అడిగాను.

"నాకెప్పుడో తేలిపోయింది. చెప్పానంటే ఇద్దరూ రారు. ఒకరు కోపంతో, ఒకరు నిశ్చింతతో" అంది.

ఇంతకన్నా బాగా ఈ దేశ రాజకీయాన్ని చెప్పిన విశ్లేషకుడు నాకు తగల్లేదు.

ఇంత చక్కటి ఏర్పాటుకు ఈ మార్చిలో పెద్ద ప్రమాదం వచ్చింది. బస్సు వచ్చింది!

కొత్త బస్సు, పదహారు సీట్లు. సగం లండన్ నిధి, సగం ఎడిన్‌బరా నిధి. ఆర్చీ పెటిగ్రూ అనే డ్రైవరును కూడా వేశారు. మార్చి మూడో తేదీన బస్సు కిల్‌ఫెర్గీ డిపోలోకి వచ్చి నిలబడింది. నిలబడే ఉంది.

ఎందుకంటే బస్సు మీద బోర్డు లేదు. లండన్ నిధి తీసుకున్న ప్రతి వస్తువు మీదా యూనియన్ జాక్ బోర్డు ఉండాలని ఆ నిధి నిబంధన. నీలం జెండా బోర్డు ఉండాలని ఎడిన్‌బరా నిధి నిబంధన. రెండూ పెట్టొచ్చు కదా అని మీరంటారు. పెట్టొచ్చు. ఏది ఏ వైపు? తలుపు ఉన్న వైపు బోర్డును స్టాపులో నిలబడ్డ జనం చూస్తారు. అవతలి వైపు బోర్డును ఫోర్డల్ దారి పొడవునా ఆవులు చూస్తాయి. ఆవులకు ఓటు లేదు.

తొమ్మిది వారాలు ఉత్తరాలు నడిచాయి. అవతలివాళ్లు గుట్టుగా బోర్డు తగిలించేస్తారని అనుమానం వచ్చి, రెండు పక్షాలూ డిపో గేటు దగ్గర కాపలా పెట్టాయి. ఆర్చీ రోజూ తొమ్మిదికి వచ్చేవాడు. బస్సు తుడిచేవాడు. ఇంజిన్ ఒకసారి ఆన్ చేసి, ఒకసారి ఆఫ్ చేసి ఇంటికెళ్లేవాడు.

మే నెల రెండో మంగళవారం ఆఖరి చర్చ పెట్టారు. రెండు రాజధానుల నుంచీ అధికారులు వచ్చారు. డూగీ, మార్జరీ ఇద్దరూ పొద్దున్నే డిపోకు వెళ్లారు. ఆ మంగళవారం వంతు మార్జరీది. డిపోలో ఆవిడకు అది గుర్తు రాలేదు.

నెట్టా ఒంటిగంటకు కోటు వేసుకుని ఇంటి గేటు దగ్గర నిలబడింది. ఒంటిగంటన్నర అయింది. రెండయింది. ఫోను మోగితే లోపలికి వెళ్లింది. ఫోర్డల్ నుంచి నర్సు.

"మీరు వస్తున్నారా అమ్మా? ఏం లేదు, ఇవాళ బుధవారమా అని ఐనా గారు పొద్దున్నించీ అడుగుతున్నారు."

నెట్టా ఫ్లాస్కు పట్టుకుని డిపోకు నడిచింది. ముప్పావు మైలు. గేటు దగ్గర ఉన్న రెండు పక్షాల వాళ్లూ ఆవిడకు దారి ఇచ్చారు. ఎవరికి వాళ్లు ఆవిడ తమ వైపు వచ్చిందనుకున్నారు. ఆర్చీ డ్రైవర్ సీట్లో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు.

"ఒరే ఆర్చీ, ఇది ఫోర్డల్ బస్సే కదా?"

"బస్సయితే ఫోర్డల్‌దే పెద్దమ్మా. బోర్డే ఇంకా రాలేదు."

"బోర్డు చదవలేక నేనెప్పుడు దారి తప్పానురా? నీకు దారి తెలుసా?"

"కళ్లు మూసుకుని వెళ్తా."

"తెరుచుకునే పోనీ. ఇప్పటికే ఆలస్యమైంది."

ఆర్చీ మిగిలిన శాండ్‌విచ్‌ను కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. ఇంజిన్ ఆన్ చేశాడు. ఈసారి ఆఫ్ చేయలేదు.

గేటు దగ్గర డూగీ అడ్డం వచ్చాడు. వెనకే మార్జరీ. "ఎవరి అనుమతితో తీస్తున్నావు?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. వాళ్లిద్దరూ ఒకే మాట అనడం నేను అదే మొదటిసారి వినడం. ఆర్చీ అద్దం దించి, వెనక కూర్చున్న నెట్టాను బొటనవేలితో చూపించాడు.

నెట్టా కిటికీలోంచి, "మీ పని మీరు కానివ్వండి. నేను ఐదింటికల్లా వచ్చేస్తా" అంది.

మార్జరీ వాచీ చూసుకుంది. చూసుకుని పక్కకు జరిగింది. ఆవిడ జరిగాక డూగీ జరిగాడు. బస్సు వెళ్లిపోయింది.

ఫోర్డల్ చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నెట్టా అక్క తల దువ్వుతుంటే ఐనా అడిగింది. "ఇవాళ బండి చప్పుడు వేరేగా ఉందే. ఎవరు తెచ్చారు, ఆ అవునా, ఆ కాదా?"

"ఇద్దరూ కాదక్కా. బస్సులో వచ్చా."

"బస్సా! అయితే వాళ్లు తేల్చుకున్నారన్నమాట."

"ఎక్కడ?"

"మరి బస్సెలా వచ్చింది?"

"ఆర్చీ నడిపాడు."

పాఠకులు ఇందులోని ప్రమాదం గమనించాలి. ఆ మధ్యాహ్నం స్కాట్లాండ్ విడిపోలేదు. కలిసి ఉంటానని ఒప్పుకోనూ లేదు. ఒక్క అంశమైనా తేలకుండా ఒక బస్సు తొమ్మిది మైళ్లు వెళ్లి, తొమ్మిది మైళ్లు వచ్చింది! ఇది సాధ్యమేనని జనానికి తెలిస్తే ఏమవుతుంది? ఆసుపత్రిలో డాక్టరు ఎందుకు లేడని అడుగుతారు. బడి పైకప్పు ఎందుకు కారుతోందని అడుగుతారు. ముందు అసలు సంగతి తేలనివ్వండి అని నాయకులు చెబితే, ఆర్చీకి ఏం తేలిందని బస్సు తీశాడు అంటారు. ఇన్నేళ్లు ఇన్ని వేల మంది కష్టపడి నిలబెట్టిన వ్యవస్థ, ఒక ముసలావిడ కోటు వేసుకుని ముప్పావు మైలు నడిచినందుకు కూలిపోవాలా?

అందుకే ఈ వార్త మా వారపత్రికలో వేయలేదు. తెలుగులో రాస్తున్నాను. దయచేసి ఇక్కడివాళ్లకెవరికీ చదివి వినిపించకండి.

మర్నాడు డూగీ, మార్జరీ కాగితాలు పట్టుకుని నెట్టా ఇంటికి వెళ్లారు. మార్జరీ క్షమాపణ చెప్పింది. ఇప్పుడు బస్సు వచ్చింది కదా, ఇకనైనా అంకె చెప్పమని డూగీ అడిగాడు. "ఐదే. బస్సు ఉంటుందో పోతుందో చూడనీయండి" అంది నెట్టా.

ఆవిడ జాగ్రత్త సబబే. బోర్డు లేని బస్సును రోడ్డెక్కించినందుకు ఆర్చీ మీద విచారణ జరపాలని రెండు రాజధానులూ పట్టుబట్టాయి. తప్పు జరిగిందన్న విషయంలో వాళ్లకు తేడా లేదు. బస్సు మాది కాబట్టి విచారణ మాదేనని ఎడిన్‌బరా అంటోంది. బోర్డు మాది కాబట్టి మాదేనని లండన్ అంటోంది. ఇది తేలేదాకా ఆర్చీకి నోటీసు ఇచ్చే అధికారం గానీ, అతన్ని ఆపే అధికారం గానీ ఎవరికీ లేదట. కోర్టుకు వెళ్తే నాలుగేళ్లు పట్టొచ్చని లాయర్లు చెబుతున్నారు.

ఈలోగా ఆర్చీ మంగళవారాలు ఒంటిగంట ఇరవైకి బస్సు తీస్తున్నాడు. గురువారాలు కూడా తీయమని జనం అడుగుతున్నారు.